నన్నడగని మొక్కు

11 ఆగస్టు 2024, లింగాల ఘనపూర్

స్నానాల గదిలో మళ్లీ నీళ్లు నిలిచాయి. జాలీలోకి చీపురుపుల్ల పెట్టి లాగితే నల్లటి ముద్ద వచ్చింది. ఎలుకపిల్ల చచ్చి ఇరుక్కుందనుకుని కెవ్వుమన్నాను. అమ్మ పరుగెత్తుకొచ్చి, వంగి చూసి, "ఎలుక గాదు, ఏం గాదు. నీయే," అని వెళ్లి మళ్లీ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

నావే. ఇరవై తొమ్మిదేళ్లు నెత్తిన పెట్టుకుని తిరిగినవి. కాన్పుకు ముందు నా జడ ఒక పిడికిలికి పట్టేది కాదు. భూపాలపల్లి మీసేవలో కంప్యూటర్ ముందు కూర్చుంటే జడ కొస కుర్చీ చక్రం కింద పడి నలిగేది. ఆధార్ ఫొటోకని వచ్చిన ఆడవాళ్లు ఫొటో సంగతి వదిలేసి ఏం నూనె రాస్తావని అడిగేవాళ్లు. ఏమీ రాయనని గొప్పగా చెప్పేదాన్ని. ఆ గొప్పంతా ఇప్పుడు జాలీలో ఉంది.

పాప అమూల్యకు నాలుగో నెల నడుస్తోంది.

13 ఆగస్టు

దువ్వెనకు వచ్చినవి నూట పద్నాలుగు. రేపటి నుంచి లెక్కపెట్టను.

14 ఆగస్టు

నూట ముప్పై రెండు.

16 ఆగస్టు

ఈ వీధిలో వైద్యులకు కొదవ లేదు. ఎదురింటావిడ గుంటగలగరాకు నూనె కాచి పంపింది. వెనకింటామె ఉల్లిగడ్డ రసం అంది. అదీ చేశాను. రెండు రోజులు నా వాసన నేనే భరించలేకపోయాను. అమ్మ మెంతులు నానబెట్టి రుబ్బి తలకు పట్టించింది. ఆరాక కడిగితే మెంతిపిండితో పాటు ఎన్ని పోయాయో లెక్క తేలలేదు.

మందు చెప్పిన ప్రతివాళ్లూ చివర ఒకటే అంటారు, అందరికీ రాలుతాయని. అందరికీ రాలితే నాకు రాలేవి తగ్గుతాయా? అందరి కాళ్లూ విరిగితే నా కాలు నొప్పి పుట్టదా?

సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు ఎదురింటావిడ వాళ్ల ముసలమ్మ నా తల చూసి చెప్పింది. "పిల్ల తల్లి మొఖం గుర్తువట్టి నవ్వుడు మొదలువెడ్తే తల్లి వెంట్రుకలు ఊడ్తయి బిడ్డా. అది ఎంత నవ్వుతే నీకు అన్ని పోతయి."

అమ్మ కూడా తలూపింది. "నువ్వు నవ్వినప్పుడు నాకు గూడ గట్లనే ఊడినయి."

ఇలాంటివి నేను నమ్మను. డిగ్రీ చదివినదాన్ని.

18 ఆగస్టు

పాప పొద్దున నవ్విందట, అమ్మ చెప్పింది. నేను అప్పుడు బట్టలు మడతపెడుతున్నాను. అందుకే చూడలేదు.

20 ఆగస్టు

అత్తమ్మ ఫోన్ చేసింది. కురవి దగ్గర వాళ్ల ఊళ్లో ఉంది, మామయ్యతో పాటు పొలం పనుల్లో. రోజూ చేస్తుంది. పాప పాలు తాగిందా అని అడిగి, వెంటనే, "నీ వెంట్రుకలు ఎట్లున్నయి బిడ్డా? ఇంకా ఊడ్తున్నయా?" అంటుంది. ఎంత ఊడాయో చెబితే లెక్క మళ్లీ చెప్పమంటుంది. తర్వాత, "జర పైలం. మొరటు దువ్వెనతోని దువ్వకు. వేళ్లతోని చిక్కు తియ్యి," అంటుంది.

నా కన్నతల్లి బియ్యం ఏరుకుంటోంది. నా మొగుడు నగేష్ ఫోన్‌లో, "విగ్గు కొనియ్యాల్నా ప్రవళికా?" అని నవ్వాడు. నా జుట్టు గురించి గుండె కొట్టుకునేది ఈ లోకంలో ఒక్క అత్తమ్మకే. ఇన్నాళ్లూ ఆమెను తప్పుగా అనుకున్నాను.

24 ఆగస్టు

జనగామ వెళ్లి డాక్టరమ్మకు చూపించుకున్నాను. రెండు గంటలు కూర్చుంటే రెండు నిమిషాలు చూసింది. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సినవి రాలకుండా ఆగి, ఇప్పుడు అన్నీ కలిసి రాలుతున్నాయట. ఏడాది తిరిగేసరికి మళ్లీ వస్తాయట. ఐరన్ గోళీలు రాసింది. పాప నవ్వుకూ దీనికీ సంబంధం ఉందా అని అడగబోయి మానుకున్నాను. నేను నమ్మను కదా.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గాలికి ఎగిరి వెనక సీటాయన చొక్కా మీద పడ్డాయి. ఆయన ఒక్కొక్కటీ ఏరి కిటికీలోంచి వదిలాడు, మర్యాదగా. తిట్టినా బాగుండేది.

27 ఆగస్టు

పాపను గోడవైపు తిప్పి పడుకోబెట్టాను. వాకిలి వెలుతురు కళ్లలో పడుతోందని.

28 ఆగస్టు

అమ్మ మళ్లీ ఇటు తిప్పింది. నేను మళ్లీ తిప్పాను. వెలుతురు ఎక్కువగానే ఉంది.

3 సెప్టెంబర్

మూడు రోజులుగా ఒకటే వాన. కేసముద్రం దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయట. నన్ను తీసుకుపోవడానికి రావాల్సిన అత్తమ్మ ఆగిపోయింది. ఫోన్‌లో మునిగిన పత్తి గురించి ఒక మాట చెప్పి, నా జుట్టు గురించి నాలుగు మాటలు అడిగింది.

తల మీద పాపిట వెడల్పవుతోంది. అద్దం బొట్టుపెట్టె లోపల పెట్టేశాను.

12 సెప్టెంబర్, భూపాలపల్లి

పెద్దలకు పెట్టే పెత్రమాస రోజులు రాకముందే పంపాలని అమ్మ తొందరపడింది. నగేష్, అత్తమ్మ వచ్చి తీసుకొచ్చారు. అయిదు నెలలకు మళ్లీ మా క్వార్టర్. వంటగదిలో నగేష్ ఒక్కడే వండుకున్న ఆనవాళ్లు గోడల మీద కూడా ఉన్నాయి. నడింట్లో కొక్కేనికి అత్తమ్మ తన పాత చీరతో ఉయ్యాల కట్టింది.

ఇంట్లో అడుగుపెట్టగానే నన్ను పీట మీద కూర్చోబెట్టి, జడ విప్పి, తల అంతా వేళ్లతో తడిమింది. చాలాసేపు తడిమింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు ఒకళ్లు ముట్టుకుని చూశారు.

"సగం పోయినయి," అంది. ఆమె గొంతు కూడా వణికింది.

15 సెప్టెంబర్

తెలిసింది.

నేను దువ్వుకుంటుంటే అత్తమ్మ వెనక నిలబడి, రాలినవాటిని నేల మీది నుంచి ఏరుతోంది. నాకెందుకు శ్రమని చేస్తోందనుకుని, "నేను ఊడుస్తా, ఉండనియ్యి అత్తమ్మా," అన్నాను.

"ఊడుస్తవా? చీపురు తగలద్దు వీటికి. దేవుని వెంట్రుకలు."

ఏ దేవునివి అన్నాను.

అప్పుడు చెప్పింది. పాప పుట్టగానే ఊపిరి అందక వరంగల్ దవాఖానలో తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉంది కదా. నాకు ఇటు కుట్లు, జ్వరం, ఒంటి మీద తెలివి లేదు. మూడో రోజున అత్తమ్మ బయట మెట్ల మీద కూర్చుని కురవి వీరన్నకు మొక్కిందట. బిడ్డ బతికితే ఏడాదికి బిడ్డ పుట్టువెంట్రుకలతో పాటు తల్లి తలనీలాలు కూడా ఇస్తానని.

"నా తలనా?"

"మరెవలది బిడ్డా? నువ్వే కదా తల్లివి. గసొంటి జుట్టు చూసే కదా ఆయన ఇని ఉంటడు. ఇప్పుడు చూడు, ఆయనకు ఇచ్చే నాటికి ఏం మిగిలేటట్టున్నయి?"

రోజూ ఫోన్ చేసింది ఇందుకు. వేళ్లతో చిక్కు తియ్యమన్నది ఇందుకు. ఆమె గొంతు వణికింది కూడా ఇందుకే.

16 సెప్టెంబర్

నన్ను అడగలేదు.

17 సెప్టెంబర్

నగేష్ మొదటి షిఫ్టు నుంచి వచ్చాక అడిగాను, నీకు తెలుసా అని. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ నడిపి వచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా దుమ్ము ఉంటుంది. ముఖం కడుక్కుంటూ, "అవ్వ చెప్పింది. నీకు చెప్పిననుకున్న," అన్నాడు.

"నన్నడగాలి కదా."

"అప్పుడు అడిగే తీరుగ ఉన్నవా నువ్వు? పిల్ల సచ్చిపోతదన్నరు. అవ్వ మొక్కింది. పిల్ల బతికింది. ఇప్పుడు వద్దంటవా?"

వద్దంటే పాప ప్రాణం కంటే నాకు జుట్టు ఎక్కువైనట్టు. సరే అంటే నేనే ఇచ్చినట్టు. అలా కుదిరింది వాళ్లకు. తల నాది, మొక్కు ఆమెది, వంత ఈయనది.

పాప పెట్టెలో ఉన్నప్పుడు నన్ను అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. జుట్టేమిటి, చెయ్యి అడిగినా ఇచ్చేదాన్ని. అడిగి ఉంటే.

21 సెప్టెంబర్

అత్తమ్మ కొత్త పద్ధతి పెట్టింది. రాలిన ప్రతి వెంట్రుకా దాయాలి. దువ్వెనవి, దిండు మీదివి, జాలీలోవి, నా జాకెట్ వీపుకు అంటుకున్నవి. వాటిని కడుగుతుంది, నీడన ఆరబెడుతుంది, వేలికి చుట్టి చుట్టలు చేస్తుంది. పసుపు బట్టలో కట్టి ముడుపులాగా ఉయ్యాల తాడుకు వేలాడదీసింది. దేవుడి సొమ్ము పిల్ల మీద ఉంటే దిష్టి తగలదట.

"తలకు ఉన్నయి తక్కువైతే ఇవి కలిపిద్దాం. ఎట్లైనా ఆయన లెక్క ఆయనకు పోవాలె," అంటుంది.

నన్ను దువ్వనివ్వదు, ముడి మాత్రమే వేసుకోవాలి. కొస కత్తిరిస్తానంటే దండం పెట్టినంత పని చేసింది. "ఏడాది దాక కత్తెర ముట్టియ్యకు బిడ్డా. ఏప్రిల్ దాక ఓపిక వట్టు."

ఉన్న జుట్టుకు నేను కాపలాదారుని, రాలిన జుట్టుకు ఆమె. ఇంత బాగా చూసుకున్న జుట్టు రాష్ట్రంలో ఇంకోటి ఉండదు.

26 సెప్టెంబర్

పాప నవ్వుతోంటే అత్తమ్మ, "మీ అమ్మ దిక్కు చూసి నవ్వకే, ఉన్నయి గూడ ఊడగొడ్తవా?" అంది. ముద్దుగానే అంది. నేను వంటగదిలోకి వెళ్లాను. పాలు పొంగుతున్నాయేమోనని. పొయ్యి మీద పాలు లేవు.

10 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. పక్క క్వార్టర్ నీరజ వచ్చి పిలిచింది. పూలు పెట్టుకుందామంటే ముడి పిన్నులకు నిలవలేదు. మూర మల్లెపూలు మోసే బలం కూడా నా తలకు లేదు. తలనొప్పి అని చెప్పి ఇంట్లోనే ఉన్నాను. కిటికీలోంచి చప్పట్లు వినబడుతున్నాయి. అందరి జడలూ చూసి ఉంటే ఎవరిదో ఒకరిది పట్టుకుని లాగేదాన్ని.

తలనొప్పి నిజంగానే వచ్చింది తర్వాత.

18 అక్టోబర్

పాప పొద్దుటి నుంచి ఒకటే ఏడుపు. పాలు పడితే రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది. అత్తమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. అమ్మకు ఫోన్ చేస్తే కడుపునొప్పి, వాము నీళ్లు పట్టమంది. నీరజ పళ్లు వస్తున్నాయంది. మధ్యాహ్నం సాక్సు తీస్తే కుడికాలి రెండో వేలు ఎర్రగా ఉంది. అత్తమ్మ చూసి, "చీమ గుట్టింది. గందుకే ఏడుస్తాంది," అని పసుపు మెదిపి వేలంతా మందంగా పట్టించింది.

పసుపు పెట్టాక కాసేపు నిద్రపోయింది. అమ్మయ్య అనుకున్నాం.

19 అక్టోబర్

రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున పసుపు ఎండి పెచ్చులు లేస్తోంది. కింద వేలు ద్రాక్షపండంత ఉబ్బి నల్లబారుతోంది. ముట్టుకుంటే పాప ఏడుపు ఆగిపోయి నోరు మాత్రమే తెరుచుకుంటోంది. ఇంకాస్త సున్నం, పసుపు కలిపి పెడదామంది అత్తమ్మ. నగేష్ డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ తీయలేదు. పాపను భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా ఆటో ఎక్కాను. అత్తమ్మ వెనకే పరుగెత్తుకొచ్చి ఎక్కింది.

పిల్లల డాక్టర్ దగ్గర పది మంది వరుసలో ఉన్నారు. నేను వరుస చూడలేదు. ఆయన పాప కాలు లైటు కింద పెట్టి, దూదితో పసుపంతా తుడిచి, భూతద్దం తెచ్చాడు. వేలి మొదట్లో సన్నగా గాడి. పట్టకారుతో ఏదో పట్టుకున్నాడు.

"వెంట్రుక," అన్నాడు. "ఒకటి కాదు, రెండు మూడు మెలిపడి బిగుసుకున్నాయి. ఇంకో పూట ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేది."

చిన్న కత్తెరతో లోపలికి పెట్టి కత్తిరించాడు. పాప అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. నర్సు, నేను, అత్తమ్మ ముగ్గురం పట్టుకున్నాం. తెగిన వెంట్రుకలు గాజు పలక మీద పెట్టి చూపించాడు. పొడవుగా, నల్లగా ఉన్నాయి. ఆ గదిలో అంత పొడవు జుట్టున్నది నాకు ఒక్కదానికే. అందరూ నా తల వైపు చూశారు.

"బాలింతలకు బాగా రాలుతుంది కదమ్మా. పిల్లల వేళ్లకు చుట్టుకుంటుంది. జాగ్రత్తగా ఉండాలి," అన్నాడు డాక్టర్. మంచిగానే అన్నాడు. నేను చచ్చిపోతే బాగుండుననిపించింది.

గంట కూర్చోబెట్టారు. వేలు నలుపు తగ్గి ఎరుపు తిరిగింది. వాపు తగ్గుతున్నకొద్దీ పాప ఒళ్లు వదులైంది. పాలు తాగింది. తాగుతూ ఆగి, పైకి చూసి, నన్ను గుర్తుపట్టి నవ్వింది. నోట్లోంచి పాలు కారుతున్నాయి. నేను ఈసారి ఎటూ చూడలేదు. రెండు నెలలు దాటింది నేను దాని నవ్వు ముఖం చూసి. ఎన్ని వంకలు పెట్టానో దీంట్లోనే రాసుకున్నాను, వెనక్కి తిప్పి చదవడం ఇష్టం లేదు. నవ్వు తల్లీ. ఉన్నవన్నీ ఊడగొట్టు.

20 అక్టోబర్

నగేష్ అన్నాడు, "జుట్టు ముడేసుకొమ్మని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

ఒక్కసారి కూడా చెప్పలేదు. పైగా నెల రోజులుగా నేను తలకు గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాను, పాపను ఎత్తుకునే ముందు చేతులు దులుపుకుంటున్నాను. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

అత్తమ్మ స్నానానికి వెళ్లినప్పుడు ఉయ్యాల దగ్గరకు వెళ్లి చూశాను. ముడుపు మూట కింది మూల చిరిగి ఉంది. అందులోంచి నాలుగైదు వెంట్రుకలు సన్నగా వేలాడుతూ చీర లోపలికి దిగుతున్నాయి. సరిగ్గా పాప కాళ్లుండే చోటికి.

మూట తీసి అలమారలో నా చీరల కింద కుక్కాను. చిరిగిన మూల లోపలికి మడిచాను. ఆమె వచ్చి, "ముడుపేదీ?" అంది.

"పాపకు దగ్గర్లో వద్దు," అన్నాను. అంతే అన్నాను.

21 అక్టోబర్

చెప్పాలి. తప్పు నాది కాదని నగేష్‌కు చెప్పాలి, నీరజకు చెప్పాలి, అమ్మకు చెప్పాలి. అమ్మ కూడా ఫోన్‌లో, "కొంచెం చూసుకోవద్దా బిడ్డా," అంది.

చెబితే ఆ ముసలామె తట్టుకోలేదు. నిన్న పాప కాలు చేతిలో పెట్టుకుని గంటసేపు ఊదుతూ కూర్చుంది. చెప్పకపోతే తట్టుకోలేనిది నేను. ఇంట్లో అందరి మీదా జాలి పడే బాధ్యత నాకే ఎందుకు పడింది?

27 అక్టోబర్

జుట్టు కత్తిరించుకుంటానన్నాను, మెడ దాకా. పాప కోసమే అని కూడా అన్నాను. అత్తమ్మ కంట నీళ్లు పెట్టుకుంది. "ఆయన ఒకసారి హెచ్చరిక ఇచ్చిండు బిడ్డా. నువ్వు కత్తెర అనుకుంటున్నవని ఎరుకైంది ఆయనకు. అందుకే గిట్లైంది."

అంటే దేవుడు కూడా నా మీదే వేశాడు. మూట తెచ్చి ఆమె ఒళ్లో పడేద్దామనుకున్నాను. అలమార దాకా వెళ్లాను. పాప లేచింది, ఆగిపోయాను.

4 నవంబర్

అత్తమ్మ పత్తి ఏరడానికి ఊరికి వెళ్లింది. వెళ్లేముందు ఉయ్యాల చీర విప్పి ఉతికింది. ముడుపు అడిగి తీసుకుంది. మూట వెనకా ముందూ తిప్పి చూస్తూ చాలాసేపు నిలబడింది. నేను మడిచిన మూల విప్పి చూసింది. మూట సంచీలో పెట్టుకుని బయల్దేరింది.

6 నవంబర్

ఇంట్లో ఆమె లేదు, నన్ను ఆపేవాళ్లు లేరు. పాపను నీరజకు ఇచ్చి బ్యూటీపార్లర్ దాకా వెళ్లాను. గుమ్మంలో నిలబడి కుర్చీ వైపు చూశాను. కత్తిరించుకోవాలని నాకుందా, అత్తమ్మ వద్దన్నందుకు కావాలనిపిస్తోందా అన్నది తేలలేదు. ఆ అమ్మాయి, "రండక్కా, కూసోండి," అంది. కనుబొమ్మలు చేయించుకుని వచ్చాను.

మూడు నెలలుగా నా తల గురించి అంతమంది మాట్లాడారు, చివరికి నాకేం కావాలో నాకే తెలియకుండా చేశారు.

8 నవంబర్

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది అత్తమ్మ. కొంగు ముఖం దాకా లాక్కుని ఉంది. లోపలికొచ్చి కొంగు తీసింది.

గుండు. మెడ దాకా గంధం.

నగేష్ కూర్చున్నవాడు లేచాడు. "ఏందవ్వా గిది?"

"మొక్కిన నోరు నాది. తల గూడ నాదే ఇచ్చిన. ప్రవళికయి రాలిన వెంట్రుకల మూట గూడ గుళ్లె ఇచ్చిన. అయిపోయింది." సంచీ కింద పెట్టి, మంచినీళ్లు తాగి, ఇంకొకటి కూడా చెప్పింది. "పిల్ల వేలుకు చుట్టుకున్నయి నా మూటలకెల్లి వచ్చినయి. ముడుపు చినిగింది. నేను ఉయ్యాలకు గట్టిన. దాన్ని అన్న మాట నువ్వు ఎన్కకు తీస్కో."

నగేష్ నా వైపు చూశాడు. ఆయన వెనక్కి తీసుకోలేదు, కానీ చెంబుతో నీళ్లు తెచ్చి నాకు ఇచ్చాడు. నేను అడగలేదు నీళ్లు.

సాయంత్రానికి క్వార్టర్లలో అందరికీ తెలిసింది. వరుసగా వచ్చి చూశారు. "ఇసొంటి అత్త ఎవలికి దొరుకుతది?" అంది నీరజ. "కోడలి కోసం గుండు చేయించుకున్నది." ఆఖరికి నేను అదృష్టవంతురాలినని తేల్చి వెళ్లారు. రెండు నెలలు నా కోపాన్ని పాలు పోసి పెంచుకున్నాను. ఒక్క పూటలో ఆమె గుండు చేయించుకొచ్చి దాన్ని ఊరి ముందు అవమానం చేసింది. ఇప్పుడు కోప్పడితే నేనే రాక్షసిని.

కోపం పోలేదు. రాసి పెట్టుకుంటున్నాను.

10 నవంబర్

పొద్దున ఎండలో కూర్చుని అత్తమ్మ తల గోక్కుంటోంది. మంగలి కత్తి రెండు చోట్ల గీరింది. కొబ్బరినూనె తెచ్చి రాశాను. గుండు మీద చెయ్యి పెడితే ఎంత చిన్నగా ఉంటుందో తల. నడినెత్తిన అరచేయంత మేర నున్నగా ఉంది, మిగతా చోట గరుకుగా తగులుతున్న మొలకలు అక్కడ లేవు.

"గది నగేష్ పుట్టినప్పుడు పోయింది," అంది నా వేళ్లు అక్కడ ఆగేసరికి. "మల్ల రాలే. సవరం పెట్టి కొప్పు ఏసుకునేదాన్ని. ముప్పై మూడేండ్లు. మీ మామకు గూడ ఎరుక లేదు."

"నాకు మళ్లీ వస్తాయని చెప్పింది డాక్టరమ్మ."

"వస్తయి. నాయి రాకుంటే నీయి గూడ రావా?"

కాసేపు నూనె రాశాను. తర్వాత అంది, "ముడుపు చినిగిన సంగతి నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే."

"మరి చెప్పలేదేంది? అందరు నిన్ను అంటుంటె ఊకున్నవేంది?"

ఏం చెప్పాలి? నీ మీద జాలితో అంటే ఆమెకు నచ్చదు. కోపంతో అన్నా అబద్ధం కాదు. నూనె సీసా మూత బిగించాను.

"వీరన్న ఒప్పుకున్నాడా మరి? కోడలి తల అని కదా మొక్కావు," అన్నాను.

"ఒప్పుకోక ఏం జేస్తడు?" అంది. కొంగు తల మీదికి లాక్కుంది, మళ్లీ తీసేసింది, ఎండ బాగుందేమో. "నీ జుట్టు నీ ఇష్టం ఇగ. ఉంచుకో, కత్తిరించుకో. నన్నడగకు."

లేవబోయాను. కొంగు పట్టుకుని ఆపింది.

"పిల్ల పుట్టువెంట్రుకల సంగతి ఉన్నది గద. తొమ్మిదో నెలల తీపిద్దామా, ఏడాదికా? కురవికా, మీ అమ్మోళ్ల దేవునికా? అసలు తీపియ్యాల్నా వద్దా? నువ్వు చెప్పు. నువ్వేమంటే గదే."

పోట్లాడడానికి రెండు నెలలుగా ఎన్ని మాటలు కూడబెట్టానో. ఈ ప్రశ్నకు మాత్రం ఒక్కటీ లేదు. ఇన్ని దేవుళ్ల పేర్లు, ఇన్ని నెలలు, అన్నీ నా ముందు పెట్టి ఎదురుచూస్తోంది.

"ఆలోచించి చెప్తా," అన్నాను.

"ఆలోచించు. నాకేం తొందర లేదు."

లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. పాప నిద్రపోతోంది. కిటికీలోంచి చూస్తే అత్తమ్మ అక్కడే, ఎండలో, గుండుతో కూర్చుని గుమ్మం వైపు చూస్తోంది. నా జవాబు నాకు అప్పుడే తెలిసింది.

ఈసారి అడిగింది ఆమె. కాసేపు కూర్చోనీ.